సంతాన నియమనము: శస్త్రమును, సాధనమును

తెలుగునాట సంతాన నియమనమను మాట వినినతోడనే ప్రజలకు స్ఫురించునది యొక్కటే: ఆపరేషను. రెండవ కాన్పు కాగానే తల్లికి అండవాహికలు కట్టివేయించి యింటికి పంపుట మన పల్లెలందును పట్టణములందును ఆచారమైపోయినది. 2019–21 నడుమ జరిగిన అయిదవ జాతీయ కుటుంబారోగ్య సర్వే లెక్కలు ఈ సంగతిని నిస్సందేహముగ తెలుపుచున్నవి. 15 మొదలు 49 ఏండ్ల వయసుగల వివాహిత స్త్రీలలో శస్త్రచికిత్స చేయించుకొన్నవారు దేశమంతట నూటికి 38 మంది కాగా, ఆంధ్రప్రదేశమున సుమారు 70 మంది, తెలంగాణమున సుమారు 62 మంది. గర్భాశయమునం దుంచు సాధనమును వాడువారు దేశమున నూటికి ఇద్దఱు. మన రెండు రాష్ట్రములందును నూటికి ఒక్కరైనను లేరు. ఇరువదియైదేండ్లు నిండకమునుపే సంతానద్వారమును శాశ్వతముగ మూసికొను స్త్రీలు మనలో ననేకులు. వారికి వేఱొక మార్గము కలదని ఎవరైనను చెప్పిరా, చెప్పినను తెలియునట్లు చెప్పిరా, అనునదియే నేటి ప్రశ్న.

శస్త్రచికిత్సను మేము నిందింపబోవుట లేదు. ఇంక బిడ్డలు వలదని దంపతులు నిశ్చయించుకొన్నచో నది తగిన మార్గమే. కాని కాలువకు తూము తలుపు వేయుట వేఱు, కాలువనే పూడ్చివేయుట వేఱు. వ్యవసాయము నెఱిగిన మన పాఠకులకు ఈ భేదము విప్పి చెప్పనక్కఱలేదు. మొదటి బిడ్డకును రెండవ బిడ్డకును నడుమ ఎడము కావలసిన తల్లికి ఆపరేషను పనికిరాదు. ఒక కాన్పు తరువాత మరల గర్భధారణకు యత్నించుటకు కనీసము 24 నెలలు గడువుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆ గడువు చాలనిచో తల్లియును కోలుకొనదు, బిడ్డయును పుష్టిగ నుండదు. ఇట్టి ఎడమునకై యేర్పడినవే గర్భాశయ సాధనములు. వీనిని గూర్చి మనలో సరియైన జ్ఞానము తక్కువ, వదంతులు మెండు. కావున సంగతిని మొదటినుండి విచారింతము.

ఇట్టి సాధనమును వైద్యలోకము దృష్టికి తెచ్చినవారిలో ముఖ్యుడు బెర్లిను నగరపు వైద్యుడు ఎర్నెస్టు గ్రాఫెన్‌బర్గు. ఆయన 1920ల చివర వెండితీగ చుట్టిన ఉంగరము వంటి దానిని గర్భాశయమున నుంచి ఫలితమును ప్రకటించెను. 1934లో జపానున టెన్రె ఓటా అనువైద్యుడు తన ఉంగరమును వెలువరించెను. అప్పటి జర్మనీ, జపాను ప్రభుత్వములు సైనికబలమునకై జనసంఖ్య పెరుగవలెనని కోరినవగుటచే వీనిని నిషేధించినవి. 1960ల ఆరంభమున అమెరికాలోని బఫలో నగరవైద్యుడు జాక్ లిప్పెస్ ప్లాస్టిక్కుతో మెలికలు తిరిగిన లూపును రూపొందించెను. మన గ్రామములలో నేటికిని ఏ సాధనమునకైనను 'లూపు' అను పేరే నిలిచియుండుట కిదియే కారణము. ఆ దశాబ్దపు చివర అమెరికా వైద్యుడు హోవర్డు టేటం 'టీ' అక్షరము వంటి ఆకృతిని, చిలీ దేశపు వైద్యుడు జైమే జిప్పర్ రాగియొక్క గుణమును కనుగొనగా, ఆ రెంటి కలయికవలన కాపర్-టీ పుట్టినది.

నేడు వాడుకలోనున్న సాధనములు ముఖ్యముగ రెండు తెగలు. మొదటిది రాగి సాధనము. మన ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగ నుంచు కాపర్-టీ 380ఎ ఈ తెగలోనిది. 380 అను సంఖ్య దానిమీది రాగి వైశాల్యమును చదరపు మిల్లీమీటర్లలో తెలుపును. ఇది పదేండ్లు పనిచేయును. 2012 నుండి ప్రభుత్వ కార్యక్రమమున చేరిన 375 అను మఱియొక రకము అయిదేండ్లకు సరిపోవును. రాగినుండి వెలువడు సూక్ష్మాంశములు పురుషబీజకణముల చలనమును, శక్తిని హరించి, అవి అండముతో కలియకుండ నాపును. కావున నిది గర్భమును పడగొట్టునది యనుట పొరబాటు. ఇది ప్రధానముగ గర్భమును కలుగనీయనిది. నూఱుమంది వాడినచో మొదటి యేట గర్భము వచ్చువారు ఒక్కరికన్న తక్కువ. తీసివేసిన వెంటనే గర్భధారణశక్తి మరల యథాప్రకారము వచ్చును.

రెండవది హార్మోను సాధనము. దీనిని ఫిన్లండు దేశమున రూపొందించిరి. 1990లో నచ్చటనే మొదట విక్రయమునకు వచ్చెను. ఇందు లెవోనార్జెస్ట్రెల్ అను ఔషధము కొద్దికొద్దిగ స్రవించి, గర్భాశయ ముఖమునందలి జిగటద్రవమును చిక్కపఱచి బీజకణములకు దారి మూయును. గర్భాశయపు లోపొరను పలుచజేయును. రకమును బట్టి మూడు మొదలు ఎనిమిదేండ్లవఱకు పనిచేయును. దీని విశేష మేమనగా, బహిష్టు రక్తస్రావమును మిక్కిలి తగ్గించును. అధిక రక్తస్రావమునకు చికిత్సగను వైద్యులు దీనిని వాడుదురు. కొందఱికి బహిష్టు నిలిచిపోవుటయు గలదు. అది రోగము కాదు, చెడురక్తము లోపల నిలువయుండుటయు కాదు. కాని ప్రైవేటు వైద్యశాలలలో దీనికి వేలరూపాయలగును. మన ప్రభుత్వ కార్యక్రమమున సాధారణముగ లభించునవి రాగి సాధనములే.

గుణములను చెప్పి దోషములను దాచుట ఉచితము కాదు. రాగి సాధనము నుంచిన తరువాత మొదటి మూడు మొదలు ఆఱు నెలలవఱకు బహిష్టునం దధిక రక్తస్రావమును, కడుపునొప్పియు కలుగవచ్చును; అనేకులకు క్రమముగ తగ్గును, కొందఱికి తగ్గదు. మొదటి యేట నూటికి ఇద్దఱు మొదలు పదిమందివఱకు సాధనము తనంతట జాఱిపోవచ్చును. కాన్పు వెంటనే ఉంచినచో నీ సంఖ్య యింకను ఎక్కువ. ఉంచునప్పుడు గర్భాశయపు గోడకు రంధ్రము పడుట సుమారు వేయింటికి ఒకరికి సంభవించును. ఉంచిన తొలి మూడు వారములలో సూక్ష్మక్రిములు చేరు భయము కొంత కలదు. శుభ్రముగ నుంచినచో నది స్వల్పము. సాధనముండగా గర్భము వచ్చుట అరుదేకాని, వచ్చినచో నది గర్భాశయమునకు వెలుపల నిలిచినదేమోయని వెంటనే పరీక్షింపవలెను. సుఖవ్యాధులనుండియు, హెచ్.ఐ.వి. నుండియు ఇది రక్షింపదు. అందులకు నిరోధు తొడుగులే శరణ్యము. గర్భవతులకును, కారణము తెలియని రక్తస్రావము గలవారికిని, కటిభాగమున క్రిమిదోషము నడుచుచున్నవారికిని, గర్భాశయపు ఆకృతి వికటించినవారికిని ఈ సాధనముల నుంచరాదు. రొమ్ముపుండు, అనగా క్యాన్సరు, గలవారికి హార్మోను రకము పనికిరాదు.

ఇంత మంచి సాధనము మన దేశమున నేల నిలువలేదు? ఇందులకు సమాధానము చరిత్రలో నున్నది. 1952లోనే కుటుంబ నియంత్రణమును ప్రభుత్వ కార్యక్రమముగ చేపట్టిన మొదటి దేశము మనది. 1965లో లిప్పెస్ లూపును దేశమంతట ప్రవేశపెట్టిరి. దీనితో సమస్య తీఱిపోయినదని అధికారు లెంచిరి. తొలి రెండేండ్లలో లక్షలకొలది స్త్రీలకు శిబిరములు వేసి లూపుల నుంచిరి. జిల్లాకింత, మండలికింత యని లెక్కలు విధించిరి. తెచ్చినవారికి పారితోషికము లిచ్చిరి. రక్తస్రావమైనప్పుడు, నొప్పి కలిగినప్పుడు చూచువారు మాత్రము లేకపోయిరి. ముందు పరీక్ష లేదు, వెనుక పరామర్శ లేదు. శిబిరము లేచిపోయిన మఱునాడు బాధ పడు స్త్రీ యెవరి నడుగవలెను? ఆమె తన యిరుగుపొరుగుల కా కథను చెప్పుకొన్నది. వారును మఱికొందఱికి చెప్పిరి. మూడవ యేటినుండి లూపుల సంఖ్య తగ్గిపోయినది. ప్రభుత్వము శస్త్రచికిత్సలవైపు మొగ్గినది. అత్యవసర పరిస్థితి దినములలో, 1976లో, ఆ మొగ్గు ఎట్టి బలాత్కారముగ పరిణమించెనో దేశ మెఱుగును. పురుషులపై జరిగిన ఆ బలాత్కారమునకు ఫలముగ పురుషుల ఆపరేషను వెనుకబడి, భారమంతయు స్త్రీపై పడినది. లక్ష్యముల పద్ధతిని కేంద్రప్రభుత్వము 1996లో రద్దుచేసినను, లక్ష్యబుద్ధి మాత్రము వెంటనే పోలేదు. 2014 నవంబరులో ఛత్తీసుగఢ్ బిలాసుపూరు ప్రాంతపు శిబిరములలో ఆపరేషను చేయించుకొన్న పదిమందికి పైగా స్త్రీలు మరణించిరి. 2016లో దేవికా బిశ్వాసు వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము ఇట్టి శిబిరములను మాన్పవలెనని ఆదేశించినది.

ఇతర దేశముల యనుభవమును ఇట్టిదే. అమెరికాలో 1971లో 'డాల్కన్ షీల్డు' అను సాధనమును విక్రయమునకు తెచ్చిరి. దాని దారము పలుపోగులు పేనినదగుటచే క్రిములు దానివెంట గర్భాశయమునకు ప్రాకెను. పెక్కుమంది రోగగ్రస్తులైరి, కొందఱు ప్రాణములు గోల్పోయిరి. 1974లో విక్రయము నాపిరి. దానిని చేసిన కంపెనీ వ్యాజ్యముల భారమున 1985లో దివాలా తీసినది. ఒక చెడుసాధనపు దోషము మంచి సాధనములకును అంటి, అమెరికా స్త్రీలు చిరకాలము ఈ పద్ధతినే త్యజించిరి. నేటి సాధనముల దారము ఒంటిపోగుది. ఆ దోష మిందు లేదు.

అంతకన్న ఘోరమైనది గ్రీన్‌లండు కథ. 1960ల మధ్యనుండి డెన్మార్కు ప్రభుత్వవైద్యులు అచ్చటి దేశీయ స్త్రీలకు, బడికి పోవు బాలికలకు గూడ, వారి యంగీకారము లేకయే, కొందఱికి తెలియకయే, ఈ సాధనముల నుంచిరి. 1970 నాటికే ఇట్లుంచినవారి సంఖ్య సుమారు 4,500. అవి లోపల నున్నట్లే యెఱుగక కొందఱు పెరిగి పెద్దవారై, బిడ్డలు కలుగలేదని దుఃఖించిరి. 2025లో డెన్మార్కు ప్రధానమంత్రి మెట్టె ఫ్రెడరిక్సన్ ఈ యన్యాయమునకు క్షమాపణ కోరినది. పరాయిపాలకులు ప్రజల దేహముపై గూడ నధికారము తమదేయని తలచుట యెట్టిదో పరపాలన మనుభవించిన మన జాతికి వేఱుగ బోధింపనక్కఱలేదు. కాని స్వపరిపాలనమునందును ఆ బుద్ధి ప్రవేశింపవచ్చునని మన శిబిరముల చరిత్రయే చాటుచున్నది.

జర్మనీ, జపానులు జనము కావలెనని సాధనమును నిషేధించినవి. డెన్మార్కు జనము తగ్గవలెనని దానిని బలవంతముగ నుంచినది. రెండుచోట్లను సాధనము మేలైనదా, కీడైనదా యను ప్రశ్నకన్న, నిర్ణయ మెవరిదను ప్రశ్నయే ముఖ్యమైనది. తాను కోరి ఉంచుకొని, తాను కోరినప్పుడు తీయించుకొను స్త్రీకి ఇది స్వాతంత్ర్యసాధనము. ఇతరు లుంచి, తీయుటకు నిరాకరించినచో నదియే సంకెల.

ఈ విచారణ నేడు మన రాష్ట్రములకు మఱింత యవసరమైనది. ఆంధ్రప్రదేశమున నొక స్త్రీకి కలుగు సంతానపు సగటు 1.7కును, తెలంగాణమున 1.8కును దిగినదని పైని చెప్పిన సర్వే తెలుపుచున్నది; జనసంఖ్య నిలకడగ నుండుటకు 2.1 కావలెనందురు. 2024లో ఆంధ్రప్రదేశ ముఖ్యమంత్రి ప్రజలు ఎక్కువమంది బిడ్డలను కనవలెనని బహిరంగముగ చెప్పిరి. ఇద్దఱికి మించి బిడ్డలున్నవారు స్థానిక సంస్థల ఎన్నికలలో నిలువరాదను నిబంధనను ఆ యేడు నవంబరులో శాసనసభ తొలగించినది. నిన్న 'ఇద్దఱు చాలు' అన్న ప్రభుత్వమే నేడు 'ఇంకను కావలెను' అనుచున్నది. విధానములు మాఱవచ్చును, కాని నిన్నటి మాట విని ఇరువదిరెండేండ్లకే ఆపరేషను చేయించుకొన్న స్త్రీ నేటి మాట విని యేమి చేయగలదు? బిడ్డ మరణించినను, జీవితమున మఱియే మార్పు వచ్చినను, ఆమెకు మరల శస్త్రచికిత్స చేయించి నాళములను కలుపుకొనుట తప్ప దారిలేదు. అది వ్యయప్రయాసలతో కూడినది, ఫలము నిశ్చయము కాదు. సాధనము నుంచుకొన్న స్త్రీకో, అయిదు నిమిషముల పని. ప్రభుత్వముల తలంపులు ఎటు తిరిగినను, ఆమె నిర్ణయ మామె చేతిలోనే యుండును. జనసంఖ్య పెరుగవలెననువారును, తగ్గవలెననువారును కూడ నంగీకరింపదగిన మార్గ మిది.

ఇక వదంతుల మాట. సాధనము గర్భాశయమును దాటి గుండెకు, తలకు ప్రాకునని కొందఱందురు. గర్భాశయము నాలుగువైపుల మూసిన సంచివంటిది. అరుదుగ గోడకు రంధ్రము పడి కడుపులోనికి జాఱవచ్చునే కాని, గుండెకు పోవుటకు దారియే లేదు. రాగి త్రుప్పుపట్టి విషమగునని మఱికొంద ఱందురు. అందుండి వెలువడు రాగి అత్యల్పము, దేహమునకు హానిచేయునది కాదు. విల్సన్ వ్యాధియను రాగిసంబంధమైన అరుదైన రోగము గలవారుమాత్రమే దీనిని మానవలెను. ఒక్క బిడ్డయైనను లేనివారు వాడినచో గొడ్రాలగుదురనుటయు నిజము కాదు. భర్తకు గ్రుచ్చుకొనుననుటయు సరికాదు. దారము మెత్తనిది, గుచ్చినట్లు తోచినచో వైద్యురాలు కొంత కత్తిరింపగలదు. చంటిబిడ్డకు పాలిచ్చు తల్లులును దీనిని నిశ్చింతగ వాడవచ్చును.

ఎప్పుడుంచవలెనను విషయము గూడ తెలిసికొనదగినది. గర్భము లేదని నిశ్చయమైనచో నే దినముననైనను ఉంచవచ్చును. కాన్పునందు మాయ పడిన పది నిమిషములలోపల గాని, 48 గంటలలోపల గాని ఉంచు పద్ధతిని మన ప్రభుత్వము 2010 నుండి వ్యాపింపజేయుచున్నది. ఆ గడువు దాటినచో ఆఱువారములు ఆగుట మన దేశపు నియమము. శస్త్రచికిత్సతో కాన్పైన తల్లికి ఆ సమయముననే ఉంచవచ్చును. రక్షణలేని కలయిక జరిగిన అయిదు దినములలో రాగి సాధనము నుంచినచో నదియు గర్భము రాకుండ కాపాడును. ఉంచిన తరువాత ఆఱువారముల లోపల నొకసారి చూపించుకొనవలెను.

ప్రసవసమయమున నుంచు పద్ధతి మంచిదే. కాని నొప్పులు పడుచున్న స్త్రీని ఆ క్షణమున నడిగి 'సరే' యనిపించుకొనుట యంగీకారము కాదు. గర్భవతి నెలనెల పరీక్షకు వచ్చునప్పుడే తీరికగ చెప్పి, ఆమె యభిప్రాయమును కాగితముపై వ్రాసియుంచవలెను. ఉంచినవారికి, తెచ్చినవారికి, ఉంచుకొన్నవారికి ప్రభుత్వము పారితోషికము లేర్పఱచియున్నది. ఉంచుటకు ధనమున్నచోట, తీయుమన్నప్పుడు శ్రద్ధ లేకపోవుట మానవస్వభావము. 'ఇంకొక నెల చూడుము' అని త్రిప్పి పంపుటవలననే వదంతులు బలియుచున్నవి. తీయుమన్ననాడే, కారణ మడుగకయే తీయుట నియమము కావలెను; అప్పుడే ఉంచుకొనుటకు ధైర్యము కలుగును.

మఱియొక ముఖ్యాంశము. అయిదవ సర్వే ననుసరించి మన రెండు రాష్ట్రములందును స్త్రీలలో సగముకంటె నెక్కువమంది రక్తహీనతచే బాధపడుచున్నారు. వీరికి ఉచితముగ లభించుచున్నది రక్తస్రావమును పెంచు రాగి సాధనము. రక్తస్రావమును తగ్గించు హార్మోను సాధనము ధనవంతులకు మాత్రమే యందుచున్నది. రాగి సాధనము రక్తహీనులకు నిషిద్ధము కాదు. కాని రక్తపరీక్ష చేయక, ఇనుపమాత్ర లీయక ఉంచినచో 1965 నాటి తప్పిదమే మరల చేసినట్లగును. హార్మోను సాధనమును జిల్లా వైద్యశాలలలోనైనను ఉచితముగ లభింపజేయుట ప్రభుత్వములకు మోయరాని భారము కాదు. మూడునెలల కొకసారి యిచ్చు 'అంతర' సూదిమందు 2017 నుండి ప్రభుత్వ కార్యక్రమమున చేరినట్లే, ఇదియు చేరవలెను.

తుదకు గృహస్థుల కర్తవ్యము. ఈ పత్రికను చదువువారిలో పురుషులే యధికులు. ఇండ్లలో తుదిమాట చెప్పువారును వారే. పురుషుల ఆపరేషను స్త్రీల ఆపరేషనుకంటె సులభము, అపాయము తక్కువ; అయినను దేశమున నూటికి ఒక్క పురుషుడైనను చేయించుకొనుట లేదు. తాము చేయించుకొనకపోయినను, భార్యకు వైద్యురాలు చెప్పు మాటలను ప్రక్కన కూర్చుండి వినుటకైనను తీరిక చేసికొనవచ్చును గదా! కోడలు సాధనము నుంచుకొన్నదని తెలిసి అత్తగారు తీయించివేయుటయు, అల్లునికి చెప్పవలదని తల్లి దాచుటయు మన యిండ్లలో లేనివి కావు. ఈ రెండును గృహమున కుచితములు కావు. వైద్యురాలి నడుగదగిన ప్రశ్నలు నాలుగే: ఇది యే రకము? ఎన్నేండ్లు పనిచేయును? ఏ లక్షణములు కనిపించినచో వెంటనే రావలెను? తీయుమన్నచో ఎచ్చట, ఎవరు తీయుదురు? సమాధానములను ఉంచిన తేదీతోకూడ నొక చీటిపై వ్రాయించుకొని భద్రపఱచుట మఱువరాదు.

భూమికి గూడ ఒక పంటకును మఱియొక పంటకును నడుమ విశ్రాంతి నిచ్చు రైతు, తన యింటి ఇల్లాలికి ఆ విశ్రాంతి నీయకుండునా? ఇచ్చుటకు మార్గము తెలియకనే ఈయలేకున్నాడు. ఆ మార్గమును తెలుపుట వైద్యశాలల విధి. అడిగి తెలిసికొనుట గృహస్థుల విధి. నిర్ణయించుట మాత్రము ఎవరి దేహమో ఆమె హక్కు. ఈ మూడును కుదిరిననాడు ఆపరేషను గదికి పోవు తెలుగు స్త్రీ వేఱు దారి లేక గాక, అన్నియు నెఱిగి, ఇదియే కావలెనని కోరి పోవును.